ఫ్రాన్స్‌లో హోటల్ మెట్లెక్కకుండా: స్నేహితురాలి ఇంట్లో, తెలియనివాళ్ళ ఇంట్లో

ఇరవై ఏళ్ళుగా చూడని స్నేహితురాలిని చూడ్డానికి ఈ వేసవిలో ఫ్రాన్స్ వెళ్ళొచ్చాను. ఒక్క రాత్రి కూడా హోటల్లో దిగలేదు. ఎక్కువ రోజులు గ్రెనోబుల్‌లో ఆమె ఇంట్లో ఉన్నాను. మధ్యలో రెండు రాత్రులు లియోన్‌లో, అంతకుముందు ముక్కూమొహం తెలియని ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి అందరూ ఆ రెండు రాత్రుల గురించే అడుగుతున్నారు, ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో ఎలా పడుకున్నావని. అది తేలిగ్గానే గడిచింది. స్నేహితురాలి ఇంట్లో మొదటి వారమే నాకు కష్టమైంది. ఆ సంగతి రాసేవాళ్ళు తక్కువ కాబట్టి దాన్నీ దాచకుండా రాస్తాను. ముందు కాగితాల గోల.

మేమిద్దరం అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. తను పైచదువులకు ఫ్రాన్స్ వెళ్ళి అక్కడే ఉద్యోగంలో చేరి, అక్కడి మనిషినే పెళ్ళి చేసుకుంది. నేను ధర్మవరంలో ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. పోయినేడు డిసెంబరులో ఫోన్ చేసి "ఈసారి ఎండాకాలం సెలవులకు నువ్వు రావే, నేను కాగితాలు పంపిస్తా" అంది. ఆ కాగితాలంటే ఏమిటో ఆ రోజు తనకూ పూర్తిగా తెలియదు.

ఫ్రాన్స్‌లో స్నేహితుల ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంటామని వీసాకి చెబితే, మామూలు ఆహ్వాన ఉత్తరం పనికిరాదు. ఆ ఇంటివాళ్ళు తమ ఊరి మునిసిపాలిటీకి వెళ్ళి 'అతెస్తాసియోన్ దాకోయ్' అనే పత్రం తీసుకోవాలి. ఫలానా మనిషి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా ఇంట్లో ఉంటుంది, తన ఖర్చు తను పెట్టుకోలేకపోతే మేం భరిస్తాం అని వాళ్ళు సంతకం చేస్తారు, మేయర్ తరఫున ముద్ర వేస్తారు. దానికి 30 యూరోల స్టాంపు. దరఖాస్తు తిరస్కరించినా ఆ డబ్బు వెనక్కి రాదు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, జీతం స్లిప్పులు, ఇంట్లో ఎన్ని గదులు, ఎంతమంది ఉంటారు, అన్నీ చూపించాలి. జనవరి మొదటి వారంలో అడిగితే 21వ తేదీకి అపాయింట్‌మెంట్ దొరికింది. ఫిబ్రవరి 7న పత్రం చేతికొచ్చింది. ఆఫీసు పనివేళల్లోనే వెళ్ళాలి కాబట్టి ఒకసారి తను, ఒకసారి వాళ్ళాయన సెలవు పెట్టారు. స్కాన్ పంపితే చాలదు, ఒరిజినలే కావాలి. అందుకని రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. ఫిబ్రవరి 20న మా పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇచ్చేదాకా ఇద్దరికీ నిద్ర లేదు.

ఈ పత్రం వల్ల ఒక మేలుంది. హోటల్లో ఉంటామంటే రోజుకు 65 యూరోల లెక్కన డబ్బు చూపించాలి. ఇది ఉంటే రోజుకు 32.50 యూరోలు చూపిస్తే చాలు. టీచరు జీతంతో బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టేవాళ్ళకు ఆ తేడా చిన్నది కాదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా మాత్రం ఎలా వెళ్ళినా తప్పనిసరి.

మార్చి 11న హైదరాబాద్‌లో వేలిముద్రలు, ఫోటో. వీసా ఫీజు 90 యూరోలు. అప్పటి రేటుకు 8 వేల రూపాయలు దాటింది, సర్వీసు ఛార్జి అదనం. పత్రం ఒరిజినల్ చూసి, కాపీ ఉంచుకుని, ఒరిజినల్ తిరిగిచ్చారు. దాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళకండి. దిగాక ఇమిగ్రేషన్ దగ్గర అడిగే హక్కు వాళ్ళకుంది, నన్ను అడిగారు కూడా. పాస్‌పోర్టు మార్చి 28న వచ్చింది. స్కూల్లో సెలవు ఉత్తరం, టికెట్ రిజర్వేషన్, పదిచోట్ల సంతకాలు అన్నీ అందరికీ ఉండేవే, వాటి గురించి రాయను.

ఈ లోపల ఇంకో పని నడుస్తోంది. మా స్కూల్లో పనిచేసి రిటైరైన మేడం ఒకావిడ సర్వాస్‌లో సభ్యురాలు. 1949లో డెన్మార్క్‌లో బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ శాంతివాది మొదలుపెట్టిన సంఘమది. సభ్యులు ఒకరింట్లో ఒకరు మామూలుగా రెండు రాత్రులు ఉంటారు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. ఊరికే పేరు నమోదు చేసుకుంటే సరిపోదు, ఇంటర్వ్యూ ఉంటుంది. నాది జనవరిలో వీడియో కాల్‌లో జరిగింది. ఇంటర్వ్యూ చేసినావిడ సూటిగా అడిగారు: "హోటల్ ఖర్చు మిగులుతుందనేనా?" కొంతవరకు అదేనన్నాను. స్నేహితురాలి కుటుంబం తప్ప ఇంకెవరినీ కలవకుండా తిరిగిరావడం ఇష్టం లేదని కూడా చెప్పాను. "మరి సాయంత్రాలు వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి. పగలంతా తిరిగి రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్ళను ఎవరూ మళ్ళీ పిలవరు" అన్నారావిడ. ఆ తర్వాత పరిచయ పత్రం మంజూరైంది. మనం రాసుకున్న పరిచయం, ఫోటో, ఆ ఏడాది స్టాంపు అందులో ఉంటాయి. ఏ ఇంటివాళ్ళకు రాసినా ముందుగా దాన్నే పంపాలి.

మార్చి చివర్లో లియోన్‌లో ఉన్నవాళ్ళకు రాయడం మొదలుపెట్టాను. చాలామంది నుంచి జవాబే లేదు. కొందరు మర్యాదగా కుదరదన్నారు. కారణం తర్వాత తెలిసింది. ఆ ప్రాంతంలో బడులకు ఏప్రిల్ 19 నుంచి మే 5 దాకా సెలవులు. పైగా మే 1 గురువారం పడింది. అలాంటప్పుడు శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని ఊళ్ళకు పోతారు. వెళ్ళే ముందు ఆ దేశపు సెలవుల పట్టిక ఒకసారి చూసుకుంటే ఇంత ఎదురుచూపు ఉండదు. పదిరోజులు దాటాక ఒక జవాబు వచ్చింది. క్రువా-రూస్ కొండ మీద ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరు. "మీ నాన్నగారు పట్టు నేసేవారని రాశారు. నేనుండేది పట్టు నేతగాళ్ళ ఇంట్లో. రండి" అని నాలుగే వాక్యాలు. నా పరిచయంలో నాన్న మగ్గం గురించి రాసింది ఒకే ఒక్క లైను. మీరూ రాసుకునేటప్పుడు ఉద్యోగం, హాబీలు అంటూ అందరూ రాసేవే కాకుండా మీ ఇంటి సంగతి ఒకటి రాయండి. జవాబు వచ్చేది దానికే.

సామాను సర్దేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. "నెయ్యి తేవే, పచ్చి కరివేపాకు తేవే" అని స్నేహితురాలి జాబితా. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. ఆకులకు, చాలా రకాల పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కాబట్టి ఆ రెండూ ఆగిపోయాయి. కరివేపాకు కారం, కందిపొడి, చింతపండు, నూనెలో చేసిన మురుకులు తీసుకెళ్ళాను. లియోన్ ఆవిడకు ధర్మవరం పట్టులో చిన్న పైట ముక్క, అంచుతో సహా.

ఏప్రిల్ 23న దుబాయ్ మీదుగా లియోన్ విమానాశ్రయంలో దిగాను. తను, వాళ్ళాయన వచ్చారు. కావలించుకుని ఇద్దరం ఏడ్చాం. అక్కడిదాకా అనుకున్నట్టే జరిగింది. కారెక్కి ఒక పావుగంట అయ్యాక ఇద్దరికీ మాటల్లేవు. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్న మనుషులం. పక్కన కూర్చుంటే నాకు తను జుట్టు నెరిసిన కొత్తావిడలా, వయసు మీద పడ్డ చుట్టంలా అనిపించింది. తనకూ అలాగే అనిపించిందని తర్వాత చెప్పింది.

ఆ వారం రోజులూ ఆమె పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. కొడుకు సెలవులకు తాత దగ్గరికి వెళ్ళాడు. నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఏది ముట్టుకోవాలో ఏది కూడదో తెలియక, సోఫా అంచున కూర్చునేదాన్ని. అక్కడి బాత్రూంలో నేల మీద నీళ్ళు పోయకూడదు, నీళ్ళు పోయే దారి నేలలో ఉండదు. స్నానం తొట్టిలోనే, తెర లోపలే. టాయిలెట్ వేరే గది, అందులో కుళాయి ఉండదు. ఒక మగ్గు వెంట తీసుకెళ్ళండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెత్త రెండు మూడు రకాలుగా వేరుచేస్తారు. ఇవన్నీ అడిగితే చెబుతారు, కానీ అలసిపోయి వచ్చిన మనిషిని ఎన్నని అడుగుతాం? ఆమె వచ్చీరాగానే వంటింట్లోకి పరుగెత్తేది. "నువ్వు కూర్చోవే, అంత దూరం నుంచి వచ్చావు" అనేది. నాకోసం పప్పు వండేది, వాళ్ళాయన కోసం వేరే వండేది. సాయంత్రం ఆమె ముఖంలో అలుపు కనిపిస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. నాకోసం సెలవులు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగింది, 30 యూరోలు ఇస్తానంటే చేయి తోసేసింది. ఆ భారమంతా నా మీద కూర్చుంది. హోటల్లో ఉండి రోజూ వచ్చి చూసిపోయి ఉంటే బాగుండేదేమోనని ఒక రాత్రి గట్టిగా అనిపించింది.

ఏప్రిల్ 30న లియోన్ రైలెక్కాను. గంటన్నర లోపు ప్రయాణం, టికెట్ పాతిక యూరోల దాకా. లియోన్ స్టేషన్ నుంచి మెట్రోలు మారుతూ వెళ్ళాలి. చివరిది రంపంలా పళ్ళున్న పట్టా మీద కొండ ఎక్కుతుంది. ఆవిడ మెట్రో బయటే నిలబడి ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. బుగ్గకు బుగ్గ ఆనించి పలకరించింది, పరిచయ పత్రం చూసింది, నా పాస్‌పోర్టు మీద కూడా ఒక చూపు వేసింది. అది నాకు నచ్చింది. ఒంటరిగా ఉండే మనిషి అలా చూసుకోవాలి.

ఇంట్లోకి అడుగు పెట్టగానే తల పైకెత్తాను. గది చిన్నది, కానీ పైకప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, అడ్డంగా లావుపాటి దూలాలు. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రంధ్రాల అట్టల సాయంతో డిజైను నేసే జకార్డు మగ్గం పట్టడానికే ఆ ఎత్తు. 1804లో జకార్డు అనే ఆయన ఆ యంత్రం చేసింది ఆ ఊళ్ళోనే. మా ఇంట్లో ఎత్తు లేక నాన్న గుంట మగ్గం మీద జకార్డు బిగించి, రేకుల కప్పు ఒక పక్క లేపించాడు. వానకాలం అక్కణ్ణుంచే కురిసేది. ఆ దూలాల కింద నిలబడి ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో, మిగతాది చేతులతో చెప్పాను. ఆవిడకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు. అయినా ఒక్క ముక్క కూడా వదలకుండా విన్నది. గది సగంలో చెక్కతో కట్టిన అటక ఉంది, నిచ్చెన మెట్లతో. నేతగాళ్ళ కుటుంబం అంతా అక్కడ పడుకునేవాళ్ళట, కింద మగ్గం. నా పక్క కూడా అక్కడే వేసింది. మేం మగ్గం చుట్టూ చాపలేసుకుని పడుకునేవాళ్ళం.

తర్వాత ఇంటి పద్ధతులు చెప్పింది. పది నిమిషాలు పట్టిందేమో. ఇదిగో తాళంచెవి. రాత్రి పది తర్వాత నీళ్ళ చప్పుడు కింద వాళ్ళకు వినిపిస్తుంది. పొద్దున తొమ్మిదిదాకా నేను ఎవరితోనూ మాట్లాడను, కాఫీ నువ్వే పెట్టుకో. గిన్నెలు నువ్వు కడుగు, నేను తుడుస్తాను. రేపు సాయంత్రం వంట నీది. ఇంత స్పష్టంగా చెబుతుంటే మొదట మొహం చిన్నబోయింది. అరగంటకల్లా ప్రాణం హాయిగా ఉంది. ఆ ఇంట్లో నా చోటు ఎక్కడో నాకు తెలిసిపోయింది. ఆ రాత్రి ఆలుగడ్డలు పాలలో ఉడికించిన వంటకం, రొట్టె, చీజ్ తిన్నాం. శాకాహారినని ముందే రాయడం మంచిదైంది.

మర్నాడు మే 1. ఆ ఒక్కరోజు లియోన్‌లో మెట్రో, బస్సు, ట్రామ్ ఏవీ నడవవు. ప్రయాణం ఆ రోజుకు పెట్టుకుని ఉంటే స్టేషన్లోనే ఇరుక్కునేదాన్ని. నడిచే కొండ దిగాం. వీధుల్లో ప్రతి మలుపు దగ్గరా పిల్లలు, ముసలివాళ్ళు చిన్న తెల్లటి గంటల్లాంటి పూలు అమ్ముతున్నారు. మే 1న అవి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆవిడ నాకొకటి కొనిచ్చింది. దారిలో 1831 నాటి నేతగాళ్ళ తిరుగుబాటు సంగతి చెప్పింది. నేసిన పనికి ఇంత తగ్గకుండా రేటు కట్టాలన్నదే వాళ్ళ కోరిక. ఒప్పుకున్న రేటును వ్యాపారులు అమలుచేయలేదట. మా నాన్న బతికున్నంతకాలం సావుకారుతో పడ్డ గొడవ అదే. తిరిగి ఎక్కేటప్పుడు రెండుచోట్ల అరుగుల మీద కూర్చున్నాం. సాయంత్రం పులిహోర చేశాను. ఆవాలు చిటపటమంటుంటే ఆవిడ ఉలిక్కిపడి, తర్వాత మూత తనే తెచ్చి పట్టుకుంది.

పట్టుముక్క ఇచ్చింది ఆ రాత్రే. ముందు తిరగేసి వెనక వైపు చూసింది. పట్టు తెలిసినవాళ్ళు ఎవరైనా వెనక వైపే చూస్తారు.

శుక్రవారం పొద్దున మెజోన్ దే కానూకు తీసుకెళ్ళింది. అది నేతగాళ్ళ మ్యూజియం, మే 1న మూసి ఉంటుంది కాబట్టి మరునాడు. పాత జకార్డు మగ్గాన్ని ఆడించి చూపించారు. రంధ్రాలు పొడిచిన అట్టలు దారంతో ఒకదానికొకటి కుట్టి దండలా వేలాడుతున్నాయి. ఒక్కో తొక్కుకూ ఒక్కో అట్ట తిరుగుతుంటే పడుగు పోగులు లేస్తున్నాయి. మా ఇంట్లో అట్టల దారం తెగితే కుట్టే పని నాది, చిన్న వేళ్ళని. ఆ సంగతి చెబుదామనుకుంటే గొంతు పెగల్లేదు. ఆవిడ ఏమీ అడగలేదు, పక్కనే నిలబడింది.

సాయంత్రం గ్రెనోబుల్ చేరేసరికి స్టేషన్లో స్నేహితురాలు. కారెక్కీ ఎక్కకముందే అటక, అట్టలు, పులిహోర అన్నీ మొదలుపెట్టాను. తను నవ్వుతూ వింది. ఆ ఊరికి అంత దగ్గర్లో అన్నేళ్ళుగా ఉండి అలాంటి ఇంట్లోకి అడుగు పెట్టలేదట. ఇంటికి వెళ్ళాక లియోన్ ఆవిడ మాటలే నేనన్నాను: "రేపటి నుంచి సాయంత్రం వంట నాది. గిన్నెలు మీ ఆయన కడుగుతాడు. నీకు పొద్దునపూట మాట్లాడ్డం ఇష్టం లేకపోతే చెప్పేయవే, నేనేమీ అనుకోను." తను కాసేపు నన్నే చూసి, "నిజంగానే ఇష్టం ఉండదే" అంది. ఆ రాత్రి రెండుదాకా కూర్చున్నాం. పెళ్ళయిన కొత్తలో ఉత్తరాలు ఎందుకు ఆపేసిందో అప్పుడు చెప్పింది. ఆ పెళ్ళి విషయంలో వాళ్ళ అమ్మానాన్నల వైపే నేనూ నిలబడ్డానని అనుకుందట. నిజానికి అది మా అమ్మ మంచం పట్టిన ఏడాది. ఎవరికీ ఉత్తరం రాసే స్థితిలో లేను. ఇద్దరికిద్దరం ఇంతకాలం ఫోన్లో ఆ ఒక్క ఏడాదిని తప్పించి మిగతావన్నీ మాట్లాడుకున్నాం. ఎదురెదురుగా కూర్చుంటే తప్ప బయటపడని మాటది.

తర్వాతి రోజులు చకచకా గడిచిపోయాయి. కొడుకు తిరిగొచ్చాడు, పదహారేళ్ళవాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడు. మురుకులు మాత్రం డబ్బా మొత్తం వాడే తిన్నాడు. మే 8న సెలవు. అందరం గుండ్రటి గాజు బుడగల్లాంటి కేబుల్ కార్లలో గ్రెనోబుల్‌లోని బాస్తీల్ కోటకు వెళ్ళాం. 12న బయల్దేరేటప్పుడు ఏడుపులు ఉంటాయనుకున్నాను. కందిపొడి ఎలా కొట్టాలో చివరి నిమిషం దాకా రాసుకుంటూ ఉంది, ఏడవడానికి తీరిక లేకపోయింది.

ఖర్చుల సంగతి: విమానం 70 వేల చిల్లర, వీసా, బీమా కలిపి 11 వేల దాకా, హైదరాబాద్ రానుపోను వేరే. ఇంటివాళ్ళకు మనం పెట్టే ఖర్చు కూడా ఖర్చే, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. స్నేహితురాలికి డబ్బిస్తే తీసుకోదు కాబట్టి వారం సరుకులు నేనే కొన్నాను. లియోన్ ఆవిడకు రూపాయి ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా.

ఇది రాస్తున్నది ఆగస్టులో. లియోన్ ఆవిడ జనవరిలో ధర్మవరం వస్తానని రాసింది. ఆవిడకు ఇ-వీసా చాలు, మనకున్నన్ని పడిగాపులు లేవు. కానీ మనవైపూ ఒక కాగితం ఉందని ఇప్పుడే తెలిసింది. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆ సంగతి అధికారులకు తెలిపే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. హోటల్‌కే కాదు, మామూలు ఇంటికీ అదే నిబంధన. దానికి ముందుగా ఇంటి వివరాలు, గుర్తింపు కార్డు ఇచ్చి యూజర్ ఐడీ తెచ్చుకోవాలి. పోయిన వారం దరఖాస్తు పెట్టాను, ఇంకా రాలేదు. మా వీధిలో జకార్డు మగ్గం ఇప్పటికీ ఆడుతున్న ఇంటివాళ్ళతో మాట్లాడి ఉంచాను. సంక్రాంతి దాకా ఉండమని ఆవిడకు రాశాను. రెండు రాత్రులే పద్ధతి అంటుందేమో చూడాలి.